భూటాన్ బాగుపడింది రాజు వల్లేనా?

ప్రశ్న: మా ఫ్రెండ్స్ భూటాన్ టూర్ వెళ్లొచ్చి ఒకటే పొగడ్తలండీ, రాజుండబట్టే ఆ దేశం అంత బాగుందట, మనకీ అలాంటి రాజొకడుంటే చాలట. నిజమేనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: సగం నిజమేనండీ. 1952లో గద్దెనెక్కిన మూడో రాజు జిగ్మే దోర్జీ వాంగ్‌చుక్ బానిసత్వం రద్దు చేశాడు, 1953లో నేషనల్ అసెంబ్లీ పెట్టాడు, ఎవరూ అడక్కుండానే. కానీ రోడ్లేవీ? 1958లో మన నెహ్రూ భూటాన్‌లోని పారో వెళ్లాలంటే సిక్కిం దాటి టిబెట్ చుంబీ లోయలోంచి గుర్రాల మీద పోవాల్సొచ్చింది. 1961లో మొదలైన వాళ్ల మొదటి పంచవర్ష ప్రణాళిక డబ్బంతా ఇండియాదే, మన బోర్డర్ పక్కనున్న ఫుంట్‌షోలింగ్ నుంచి రాజధాని థింపూకి రోడ్డేసింది మన బోర్డర్ రోడ్స్ వాళ్లే. ఆ తర్వాత 336 మెగావాట్ల చుఖా జలవిద్యుత్ ప్రాజెక్టు కూడా మన గ్రాంటూ అప్పూ కలిపి కట్టిందే, మిగులు కరెంట్ కొనుక్కునేదీ మనమే. ఈ సంగతి టూర్ గైడ్లు చెప్పరనుకుంటా.

మరి రాజు చేసిందేంటంటే, నాలుగో రాజు జిగ్మే సింగ్యే తన అధికారాన్ని తనే కోసుకోవడం. 1998లో పాలన మంత్రివర్గానికి అప్పగించాడు, 2006లో గద్దె దిగి కొడుక్కిచ్చాడు, 2008లో ఎలక్షన్లు. జనమేమో ఎలక్షన్లు ఎందుకు, మీరే ఉండండి అన్నారు! అదే ఏడాది పక్కనే నేపాల్ తన రాజుని ఇంటికి పంపేసింది. భూటాన్ రాజ్యాంగం ప్రకారం రాజు 65 ఏళ్లకి దిగిపోవాల్సిందే, పార్లమెంటు నాలుగింట మూడొంతుల మెజారిటీతో తీర్మానించి ప్రజల ఓటుకి పెడితే ఆలోపే దించేయొచ్చు కూడా. అంటే మంచి రాజుంటే చాలన్న మాట మీద ఆ రాజుకే నమ్మకం లేదన్నమాట, మీ ఫ్రెండ్స్‌కి ఉంది.

ఇంకోటి, ఆనందమే అభివృద్ధి అన్న ఆ నాలుగో రాజు టైంలోనే 1990ల్లో నేపాలీ మాట్లాడే లోత్సంపాలు లక్ష మంది దాకా దేశం వదలాల్సొచ్చి నేపాల్ క్యాంపుల్లో పడ్డారు, చాలామంది చివరికి అమెరికాలో తేలారు. వాళ్లనడిగితే రాజు గురించి వేరే కథ చెప్తారు.

ఇప్పుడైతే చదువుకున్న కుర్రాళ్లు ఆస్ట్రేలియాకి క్యూ కడుతున్నారు, ఐదో రాజు 2023 డిసెంబర్‌లో మన అస్సాం బోర్డర్ దగ్గర గెలెఫులో పెద్ద సిటీ కడతానని ప్రకటించింది కూడా ఉద్యోగాల కోసమే. అది లేస్తే అప్పుడు మీ ఫ్రెండ్స్ మాట మళ్లీ ఆలోచిద్దాం.