అన్న బ్యాటుతో తమ్ముడి బంతిని కొలవకండి

ప్రశ్న: మా పెద్దబ్బాయికి 18 ఏళ్ళు, జిల్లా అండర్-19 జట్టులో బ్యాటర్. చిన్నవాడికి 14, లెగ్ స్పిన్ వేస్తాడు. ‘అన్నలా ఆడరా’ అని మావారు రోజూ సతాయిస్తారు. పైగా ‘సీకే నాయుడు తమ్ముడు కూడా టెస్టులు ఆడాడు, ఆట రక్తంలో ఉండాలి’ అంటారు. నెల నుంచి చిన్నవాడు అకాడమీకి వెళ్ళనని మొండికేశాడు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, మీవారు మంచి ఉదాహరణే పట్టుకున్నారు గానీ సగమే చెప్పారు. మిగతా సగం మీ చిన్నవాడి పక్షాన ఉంది.

సీకే 1895లో నాగపూర్‌లో తెలుగు కుటుంబంలో పుట్టారు. 1926లో బొంబాయిలో, ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎంసీసీ జట్టు మీద 11 సిక్సర్లతో 153 కొట్టారు. 1932లో లార్డ్స్‌లో మన తొలి టెస్టుకు కెప్టెన్ అయ్యారు. తమ్ముడు సీఎస్ ఆయనకంటే 18 ఏళ్ళు చిన్న. అంటే తమ్ముడు బంతి పట్టేనాటికే అన్న పేరు మోగిపోతోంది. ఒకే నెట్స్‌లో పక్కపక్కన నిలబెట్టి తూచే అవకాశమే లేదు. మీ ఇంట్లో తేడా నాలుగేళ్ళే, అందుకే ఆ మాట అంతగా గుచ్చుకుంటోంది.

సీఎస్ అన్నలా ఆడలేదు, లెగ్ స్పిన్ వేశారు. 1934 జనవరిలో కలకత్తాలో అన్న కెప్టెన్సీలోనే తొలి టెస్టు ఆడారు. మొత్తం 11 టెస్టుల్లో తీసింది రెండే వికెట్లు. ఆ ఒక్క అంకె చూస్తే ఫెయిలైనట్టే. ఫస్ట్‌క్లాస్‌లో, అంటే రంజీ లాంటి పెద్ద మ్యాచ్‌లన్నీ కలిపితే మాత్రం 647 వికెట్లు! 1944-45 రంజీ ఫైనల్లో హోల్కర్ (ఇండోర్ సంస్థానం జట్టు) కెప్టెన్‌గా సీకే, బొంబాయి మీద తమ్ముడి చేత ఏకంగా 152.5 ఓవర్లు వేయించారు. 11 వికెట్లు పడ్డాయి, 428 పరుగులు పోయాయి, మ్యాచ్ కూడా పోయింది. అయినా అన్న బంతి లాక్కోలేదు. (ఎదిగే పిల్లాడి భుజానికి ఇందులో పదో వంతు కూడా వద్దు, అది వేరే సంగతి.) మీవారికి ఈ అంకెలే చూపించండి, వాదన పెట్టుకోకండి.

ఇక పిల్లాడి సంగతి. రెండు వారాలు అకాడమీ ఊసే ఎత్తకండి. ఈలోగా కోచ్‌ని విడిగా కలిసి, అన్నదమ్ముల బ్యాచ్‌లు వేరు చేయమనండి. భోజనాల దగ్గర స్కోర్ల ముచ్చట ఇద్దరికీ బంద్, పెద్దవాడు సెంచరీ కొట్టినా సరే. పెద్దవాడు తమ్ముడికి పాఠాలు చెప్పకూడదు. తమ్ముడు పిలిస్తే బ్యాటు పట్టి ఎదురు నిలబడాలి, అంతే.

ఇంకో మాట. ఈ వయసులో ఒక్కసారిగా పొడవు పెరిగితే బంతి వదిలే చోటు మారిపోతుంది. నిన్నటిదాకా సరిగ్గా పడిన బంతి నేల తాకకుండానే బ్యాటర్‌ను చేరే ఫుల్‌టాస్ అవుతుంది, లేదా సగం పిచ్‌లో పడి బ్యాటర్‌కు పండగ చేస్తుంది. పిల్లాడు తనకు ఆట రాదనుకుంటాడు, తండ్రి శ్రద్ధ లేదనుకుంటాడు. తిరిగి మొదలుపెట్టాక, బ్యాటర్ లేకుండా, స్టంప్స్‌కు మూడు నాలుగు మీటర్ల ముందు సుద్దతో ఒక గడి గీయమనండి. రోజు విడిచి రోజు 36 బంతులు. గడిలో ఎన్ని పడ్డాయో వాడే రాసుకోవాలి, ఆ పుస్తకం మీవారు తెరవకూడదు. ముందు బంతి తిరగనివ్వండి, గురి తర్వాత కుదురుతుంది. గురి కోసం మణికట్టు బిగించి నెమ్మదిగా తోయడం అలవాటైతే లెగ్ స్పిన్ పోతుంది.

ఆరు వారాలయ్యాక కూడా వద్దంటే మానేయనివ్వండి. ఆటతో పాటు తిండి, నిద్ర, స్నేహితులు కూడా తగ్గుతుంటే మాత్రం ఆరు వారాలు ఆగొద్దు, పిల్లల మానసిక నిపుణులకు చూపించండి.