జీతం పడ్డ ఇరవై రోజులకే చెయ్యి ఖాళీ

ప్రశ్న: కూకట్‌పల్లిలో ప్రైవేటు ఉద్యోగం. చేతికి 34,000 వస్తుంది. అద్దె 9,000, బండి ఈఎంఐ 3,200, పర్సనల్ లోన్ 4,600, ఊళ్లో అమ్మానాన్నలకు 3,000, పాప స్కూలు వ్యాను 1,800. క్రెడిట్ కార్డు బాకీ 48,000 ఉంటే నెలనెలా మినిమమ్ 2,400 కడుతున్నాను. ఇరవయ్యో తేదీ దాటితే ఫోన్ మోగినా గుండె దడ. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: తేదీలతో మొదలుపెట్టండి. అప్పు మొత్తం కన్నా, ఏ రోజు ఎంత కట్ అవుతుందో తెలియకపోవడమే నిద్రను ఎక్కువగా చెడగొడుతుంది. ఒక కాగితం మీద తేదీ, ఎవరికి, ఎంత అని రాసి ఇంట్లో ఇద్దరికీ కనిపించేలా పెట్టండి. మీ ఆవిడకు బాకీ సంగతి చెప్పకపోతే ముందు అది చెప్పండి. దాచిపెట్టడమే సగం బరువు.

మీరు రాసినవన్నీ పోను 10,000 మిగలాలి. చాలామంది దాన్ని నాలుగు వారాలకు సర్దుతారు. కానీ నెలంటే నాలుగు వారాల పైన రెండు మూడు రోజులు. చేబదుళ్లు మొదలయ్యేది ఆ రోజుల్లోనే. అందుకే ఐదు వంతులు చేయండి: ఆరు రోజులకు 2,000. ప్రతి 1, 7, 13, 19, 25 తేదీల్లో ఆ వంతును వేరే ఖాతాలోకి మార్చి, యూపీఐ ఆ ఖాతాకే ఉంచండి. జీతం పడే ఖాతాను యూపీఐ నుంచి తీసేయండి. బియ్యం బస్తా, గ్యాస్ బండ కొనాల్సిన నెలలో మొదటి వంతు చాలదు. ఆ డబ్బు ముందే పక్కన తీసి, మిగిలినదాన్ని ఐదు చేయండి.

ఈఎంఐ తేదీలు జీతం పడ్డాక మూడు నాలుగు రోజుల్లోపు ఉండేలా మార్చమని బ్యాంకును అడగండి. కొన్నిచోట్ల మారుస్తారు. ఆటో డెబిట్ తెల్లవారుజామునే జరగొచ్చు కాబట్టి డబ్బు ముందురోజు సాయంత్రానికే ఖాతాలో ఉండాలి. ఒక్కసారి బౌన్స్ అయితే మీ బ్యాంకు ఛార్జీ, దాని మీద 18 శాతం జీఎస్టీ, అప్పిచ్చినవాళ్ల పెనాల్టీ కలిసి వెయ్యి దాకా పోవచ్చు. రెండోసారి ప్రయత్నించి అదీ బౌన్స్ అయితే మళ్లీ ఛార్జీ. అందుకే అప్పు త్వరగా తీర్చేయాలన్న ఆత్రం కన్నా ముందు 3,000 నుంచి 5,000 వరకు కదపని డబ్బు కూడబెట్టమంటాం.

ఇక కార్డు. నెలకు మూడున్నర శాతం వడ్డీ అనుకుంటే 48,000కి 1,680, జీఎస్టీతో 1,982. మీరు కట్టే 2,400లో అసలుకు చేరేది 418 రూపాయలే. పైగా బాకీ మిగిలి ఉన్నంతకాలం కొత్తగా కార్డు గీకినదానికి మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. మామూలుగా కార్డుకు దొరికే నలభై అయిదు రోజుల వడ్డీలేని గడువు మీకు లేదు. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో కుదువపెట్టి ఈ బాకీ మొత్తం తీర్చడం మేలు. ఏడాదికి 10 శాతం వడ్డీ పడితే తొలి నెల వడ్డీ 400. అదే 2,400 కడుతూ పోతే దాదాపు 22 నెలల్లో తీరుతుంది. నెలవారీ వాయిదాల లోన్ అనే అడిగి తీసుకోండి. ఏడాది చివర ఒకేసారి కట్టే రకమైతే డబ్బు సర్దుకోలేక నగ వేలానికి వెళ్లే ప్రమాదముంది. కార్డు తీర్చగానే యాప్‌లో లిమిట్ తగ్గించి, ఆన్‌లైన్ చెల్లింపులు ఆపేయండి. చాలామందికి బాకీ మళ్లీ పెరిగేది ఇక్కడే.

నిద్రలేమి రెండు వారాలు దాటితే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ, టెలీ మానస్. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: యాప్‌లో 5,000 అప్పు తీసుకుంటే చేతికి 3,600 వచ్చింది. ఏడు రోజుల్లో కట్టమన్నారు, కట్టలేకపోయాను. ఇప్పుడు మా అత్తగారికీ, ఆడపడుచుకీ ఫోన్లు చేస్తున్నారండీ.
- ఒక గృహిణి, విజయవాడ

జవాబు: మీరు తప్పు చేసినట్టు తల దించుకోకండి. తప్పు వాళ్లది. రిజర్వు బ్యాంకు డిజిటల్ రుణాల నిబంధనల ప్రకారం లోన్ యాప్ మీ కాంటాక్టులు, గ్యాలరీ, కాల్ లిస్టు చూడకూడదు. వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు.

ముందు ఫోన్ సెట్టింగుల్లో ఆ యాప్‌కిచ్చిన అనుమతులన్నీ తీసేయండి. మెసేజ్‌లు, కాల్స్ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టాకే యాప్ తొలగించాలి. ఆ పని ముందే చేస్తే సాక్ష్యం పోతుంది. అప్పిచ్చింది ఏ బ్యాంకో, ఏ ఎన్‌బీఎఫ్‌సీనో (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) ఒప్పందంలో చూడండి. ఉంటే కంపెనీ ఖాతాకే కట్టండి, ఎవరో వ్యక్తి యూపీఐకి కట్టొద్దు. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో జవాబు రాకపోతే ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ దగ్గరకు వెళ్లొచ్చు. వివరాలకు 14448. ఫొటోలు మార్చి బెదిరిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ నంబరు 1930కి చెప్పండి, దగ్గరి పోలీస్ స్టేషన్‌లోనూ ఫిర్యాదు ఇవ్వండి. ఇది తీర్చడానికి ఇంకో యాప్‌లో మాత్రం తీసుకోకండి. ఈ బాకీలు గొలుసుకట్టుగా పెరిగేది అలాగే. అత్తగారికి వాళ్ల నోటి నుంచి కాక మీ నోటితోనే చెప్పండి.

ప్రశ్న: లక్ష రూపాయల చీటీ, 20 నెలలు. రెండో నెలలోనే పాడుకుని అప్పులు తీర్చనా?
- ఒక ఆటో డ్రైవరు, వరంగల్

జవాబు: మొదట్లో పోటీ ఎక్కువ. 28,000 తగ్గించి పాడితే చేతికొచ్చేది 72,000. ఆ తర్వాత 18 వాయిదాలు మిగిలే ఉంటాయి. మీ అప్పు వడ్డీ ఈ పాట నష్టం కన్నా ఎక్కువైతేనే ఆలోచించండి. సగం నెలలు దాటేదాకా ఆగగలిగితే నష్టం బాగా తగ్గుతుంది. చీటీ రిజిస్టర్డ్‌దేనా అన్నది రిజిస్ట్రేషన్ శాఖలోని చిట్స్ రిజిస్ట్రార్ దగ్గర తెలుసుకోండి. చీటీ నడిపే ఫోర్‌మన్ కమీషన్ 7 శాతం మించకూడదు. రిజిస్టర్ కాని చీటీలో వాయిదాలు కట్టి మునిగితే అడిగే దిక్కుండదు.