కరివేపాకు మీద రెట్టా, పురుగా?

ప్రశ్న: శ్రావణంలో వానలు పడగానే మా డాబా మీది కుండీలో కరివేపాకు గుబురుగా చిగురించింది. లేత ఆకుల మీద పక్షి రెట్టలాంటి మచ్చలు కనిపిస్తే తుడవబోయాను, అవి కదిలాయి! మందు చల్లాలా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: చల్లవద్దు. అవి చాలావరకు నిమ్మ, కరివేపాకు మొక్కల మీద గుడ్లు పెట్టే నల్ల సీతాకోకచిలుక పిల్లలు. రెట్టలా కనిపించడం పక్షుల బారి నుంచి తప్పించుకునేందుకు అవి వేసిన వేషం. చివరిసారి కుబుసం విడిచాక ఆకుపచ్చగా మారిపోతాయి. అప్పుడు పుల్లతో మెల్లగా తాకితే తల వెనుక నుంచి ఎర్రని కొమ్ముల జంట బయటికి వచ్చి ఘాటైన వాసన వస్తుంది (మా ఇంట్లో ఏటా దీనికి ప్రేక్షకులు ఎక్కువే). ఆ తరువాత పురుగు నడుముకు పట్టుదారం చుట్టుకుని, కొమ్మకు ఆనుకుని ప్యూపాగా మారి, సుమారు రెండు వారాలకు ముడతల రెక్కలతో సీతాకోకచిలుకగా బయటపడుతుంది. మగవాటి వెనుక రెక్కల మీద తెల్లని చుక్కల వరుస ఉంటుంది. ఆడవాటిలో కొన్ని మాత్రం, ఈశ్వరి తీగను తిని విషపూరితమైన వేరొక జాతిని అనుకరిస్తూ ఎర్రమచ్చలు ధరిస్తాయి.

మొక్క మరీ చిన్నదైతే రెండు పురుగులను ఉంచి, మిగిలినవాటిని నిమ్మచెట్టు మీదికి మార్చండి. ఎదిగిన కరివేపాకు అయితే, ఆకులు పోయినా మళ్లీ చిగురిస్తుంది.