చలికాలం తర్వాత బొగ్గుల గ్రిల్ మూత లోపల పొరలుగా రాలేది పెయింటేనా?

కాదు, అది పొగా కొవ్వు ఆవిరీ కలిసి గట్టిపడిన మసి. వాడకుండా ఉన్న నెలల్లో తేమ తగిలి పట్టు వదిలి, పొరలుగా లేస్తుంది.

ఉదాహరణకు, వెబర్ కంపెనీ వారి కెటిల్ అనే గుండ్రటి బొగ్గుల గ్రిల్ మూతకు ఉన్నది పెయింట్ కాదు, సుమారు 800 డిగ్రీల సెల్సియస్‌లో కాల్చిన పింగాణీ ఎనామెల్, అంటే గాజులాంటి పూత. గట్టి దెబ్బ తగిలితే గాజులా పెచ్చు ఊడుతుందే గానీ పొరలుగా రాలదు.

పెయింట్ పాడైందనుకుని చాలామంది మూత లోపల స్ప్రే కొట్టేస్తారు; ఆ పని అస్సలు చేయొద్దు. మూత గోరువెచ్చగా ఉన్నప్పుడు నలిపిన అల్యూమినియం ఫాయిల్‌తో రుద్ది, సబ్బునీళ్లతో తుడవండి. అడుగున పాత బూడిద ఉంటే ముందు అది తీయాలి. తడిసిన బూడిద క్షారంగా మారి లోహాన్ని తినేస్తుంది, గాలి రంధ్రాలను మూసేస్తుంది. అప్పుడు బొగ్గు సరిగా రాజుకోదు.