ఫస్టియర్‌లో సీనా, పైథానా, జావానా? ముందు టర్బో సంగతి చూడండి

మీ పరిస్థితి ఇదీ: ఉండేది గాజువాక, బీటెక్ ఫస్టియర్, చేతిలో 4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్. కాలేజీ ల్యాబ్‌లో 'టర్బో' అనే పాత సాఫ్ట్‌వేర్‌లో సీ నేర్పుతున్నారు, సీనియర్లు పైథాన్ అంటున్నారు, ద్వారకానగర్ కోచింగ్ సెంటర్లో జావాకి ఫీజు కట్టేయమంటున్నారు.

జావాకి ఇప్పుడే కట్టకండి. లూపు, ఫంక్షనూ చేతికి రాకముందే క్లాసులూ ఆబ్జెక్టులూ నెత్తినేసుకోవడం దండగ. మిగతా రెండూ చేయండి. ఒకే లెక్కని ముందు పైథాన్‌లో, అదే రోజు సీలో రాయండి. సీ మాత్రం ఇంట్లో టర్బోలో వద్దు.

ఎందుకో ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాంతోనే తేలిపోతుంది. 'ఇంట్' (పూర్ణాంకం) వేరియబుల్‌తో రాసి 8 ఇవ్వండి. రావాల్సింది 40320, టర్బోలో వచ్చేది -25216. అది విండోస్‌కి ముందటి డాస్ కాలపు 16 బిట్ల కంపైలర్ (మన కోడ్‌ని కంప్యూటర్ నడపగలిగే రూపంలోకి మార్చేది), అందులో ఇంట్ 32767 దాటదు. ఇప్పటి జీసీసీ కంపైలర్‌లో ఇంట్ 32 బిట్లు, కాబట్టి 12 దాకా సరిగ్గా వస్తుంది. 13కి మాత్రం 6227020800 బదులు 1932053504 చూపిస్తుంది. మైనస్ గుర్తు లేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, అదీ ప్రమాదం. పైథాన్‌లో 50 ఇచ్చినా సరైన జవాబే, పూర్ణాంకానికి అక్కడ హద్దు లేదు. మూడూ పక్కపక్కన పెట్టుకుంటే మెమరీ అంటే ఏమిటో బుర్రకెక్కుతుంది. 7ని 2తో భాగించినా అంతే: సీలో 3, పైథాన్‌లో 3.5.

ఇంకోటి చేసి చూడండి. 'విశాఖ' అనే మాట పొడవు అడగండి. కంటికి మూడక్షరాలే. పైథాన్ 5 అంటుంది, గుడి, దీర్ఘం విడిగా లెక్కేస్తుంది కాబట్టి. సీలో ఫైల్‌ని యూటీఎఫ్-8 (అక్షరాలని బైట్లుగా దాచే పద్ధతి)లో సేవ్ చేసి స్ట్రింగ్ పొడవు చూస్తే 15, ఒక్కోదానికి మూడు బైట్లు.

సీకి కోడ్ రాసి నడిపే 'కోడ్‌బ్లాక్స్' సాఫ్ట్‌వేర్ వేసుకోండి, 4 జీబీలో హాయిగా నడుస్తుంది. డౌన్‌లోడ్ పేజీలో పేరులో 'మింగ్‌డబ్ల్యూ' (విండోస్‌కి జీసీసీ) ఉన్న సెటప్పే తీసుకోవాలి. అది లేనిదానిలో కంపైలర్ ఉండదు. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. వీఎస్ కోడ్‌తోనూ ఇదే తంటా: అది వట్టి ఎడిటర్, కంపైలర్ విడిగా వేసుకోవాలి. తర్వాత సెట్టింగ్స్‌లో కంపైలర్ తెరిచి 'ఎనేబుల్ ఆల్ కామన్ కంపైలర్ వార్నింగ్స్' టిక్ పెట్టండి. స్కాన్‌ఎఫ్‌లో ఆంపర్‌సాండ్ (& గుర్తు) మర్చిపోతే రన్ చేయకముందే చెబుతుంది. టర్బోలో అయితే, డాస్‌లో మెమరీకి కాపలా లేదు కాబట్టి ఆ విలువ ఎక్కడో రాసేసి ఏమీ ఎరగనట్టు నడిచిపోవచ్చు. డీబగ్గర్ (ప్రోగ్రాంని ఒక్కో అడుగూ నడిపి తప్పు వెతికేది) కావాలంటే విడి ఫైల్ చాలదు, ప్రాజెక్టుగా తెరవండి.

పైథాన్‌కి థానీ చాలు. ఎస్టోనియాలోని టార్టూ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఎడిటర్, పైథాన్‌ని తనతోపాటే తెచ్చుకుంటుంది, పాత్ సెట్ చేసే గొడవ లేదు. కంట్రోల్ ఎఫ్5 కొట్టి, ఎఫ్7తో ఒక్కో అడుగూ వేయండి. ఎక్స్‌ప్రెషన్‌లో ఏ భాగం ముందు విలువగా మారుతుందో కళ్లముందే కనిపిస్తుంది. ఈ ఒక్క సదుపాయం కోసమే నేను దీన్ని మిగతావాటికంటే ముందు పెడతాను. రెండు చోట్ల జాగ్రత్త. ఇన్‌పుట్ ఎప్పుడూ స్ట్రింగే ఇస్తుంది, ఇంట్‌గా మార్చకపోతే 5, 3 కలిపితే 53 వస్తుంది. మీ ఫైల్‌కి 'ర్యాండమ్' లాంటి లైబ్రరీ పేరు పెడితే, పైథాన్ అసలు లైబ్రరీని వదిలేసి మీ ఫైల్‌నే ఎత్తుకుంటుంది.

భాషల తగువు పాతదే లెండి. బేసిక్ అనే భాషని 1964లో డార్ట్‌మత్ కాలేజీలో సైన్సు చదవని విద్యార్థులకు కూడా పనికొచ్చేలా తయారుచేస్తే, 1975లో డచ్ కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా అది నేర్చినవాళ్లకు మంచి ప్రోగ్రామింగ్ నేర్పడం దాదాపు అసాధ్యమని రాశాడు. బేసిక్‌తో మొదలెట్టి మంచి ప్రోగ్రామర్లయినవాళ్లు బోలెడుమంది.

ఇక ల్యాబ్ పరీక్ష. అక్కడ టర్బోనే కాబట్టి చివరి రెండు వారాలు దానిమీదే చేయండి. కంట్రోల్ ఎఫ్9తో రన్, ఆల్ట్ ఎఫ్5తో అవుట్‌పుట్. స్క్రీన్ తుడిచే 'సీఎల్ఆర్‌ఎస్‌సీఆర్' అక్కడే ఉంటుంది, మీ ఇంటి జీసీసీలో ఉండదు. కొత్త ఫైల్‌కి టర్బో సీపీపీ అని తోక తగిలిస్తుంది, అంటే సీ ప్లస్ ప్లస్ కింద చూస్తుంది. అప్పుడు హెడర్ ఫైల్ మరిస్తే 'ప్రోటోటైప్' ఎర్రర్ వస్తుంది. ఇంట్లో రెండు ఫర్ లూపుల్లోనూ లోపలే 'ఇంట్ ఐ' అని రాసే అలవాటుంటే, అక్కడ రెండోసారి 'మల్టిపుల్ డిక్లరేషన్' అంటుంది. ఐని ఫంక్షన్ మొదట్లోనే ఒక్కసారి డిక్లేర్ చేయండి. ఫైల్ పేరు ఎనిమిది అక్షరాలు దాటనివ్వకండి.