పాఠకుల సందేహాలు: మన బైబిల్లో కనిపించని పుస్తకాలు

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. తాతల నాటి నుంచి మెన్నొనైట్ బ్రదరెన్ సంఘంలో ఉన్నాం. మొన్న మా తమ్ముడి కొడుకు పెండ్లి నల్లగొండలో, అమ్మాయి వాళ్ల ఆర్‌సీఎం (రోమన్ కథోలిక్) చర్చిలో జరిగింది. అక్కడ తోబీతు గ్రంథం నుంచి వాక్యం చదివారు. నెహెమ్యా తర్వాత ఉంటుందని పక్కవారు చెప్పగా, మా సంఘపెద్ద ఒకరు తన బైబిలు రెండుసార్లు తిప్పి చూసి మూసేశారు. భోజనాల దగ్గర మావాళ్లు "మీరు కలిపిండ్రు" అన్నారు, వియ్యాలవారు "మీరే తీసేసిండ్రు" అన్నారు. ఎవరి మాట నిజం?

జవాబు: ఇద్దరి మాటా సగమే నిజం. మీ పెద్దగారి బైబిల్లో నెహెమ్యా తర్వాత నేరుగా ఎస్తేరు వస్తుంది. కథోలికుల బైబిల్లో ఆ రెంటి మధ్య తోబీతు, యూదితు ఉంటాయి. ఇవి కాక సొలోమోను జ్ఞానగ్రంథం, సీరా కుమారుని జ్ఞానగ్రంథం, బారూకు, మక్కబీయుల రెండు గ్రంథాలు కలిపి మొత్తం ఏడు. అందుకే మీకు 66 పుస్తకాలు, వారికి 73. ఎస్తేరు, దానియేలు గ్రంథాలలో కూడా వారికి కొన్ని భాగాలు ఎక్కువ. క్రొత్త నిబంధనలో మాత్రం ఇరువురికీ అవే 27 పుస్తకాలు కనుక, పెండ్లి భోజనాల దగ్గర వచ్చిన తగవు పాత నిబంధన వరకే.

ఆ రోజు చదివింది బహుశా ఎనిమిదవ అధ్యాయం అయి ఉంటుంది, పెండ్లి పూజకు కథోలికులు ఎంచుకునే పఠనాలలో అది ఒకటి. సారా అనే అమ్మాయికి అంతకుముందు ఏడుగురు భర్తలు పెండ్లిరాత్రే చనిపోయారు. ఎనిమిదవవాడైన తోబియా, ఆమె కలిసి పడకమీది నుంచి లేచి దేవుణ్ణి ప్రార్థిస్తారు, అవతల మామగారు ఎందుకైనా మంచిదని రాత్రికి రాత్రే గొయ్యి తవ్వించి పెడతాడు. చివరకు తోబియా చేప పిత్తంతో తండ్రి గుడ్డితనాన్ని పోగొడతాడు. ఈ ప్రయాణంలో ఒక కుక్క కూడా వెంట నడుస్తుంది. కథలో దానికి చెప్పుకోదగ్గ పనేమీ లేదు కానీ, నాకు అన్నిటికంటే ఎక్కువగా గుర్తుండేది అదే.

ఈ పుస్తకాలు గ్రీకు మాట్లాడే యూదుల మధ్య పాత నిబంధన గ్రీకు అనువాదంతో కలిసి వాడుకలో ఉండేవి. తొలి క్రైస్తవులలో ఎక్కువమంది చదివినది ఆ గ్రీకు పాఠమే కాబట్టి ఇవి కూడా వారి చేతికి వచ్చాయి, అయితే యూదులు హెబ్రీలో స్థిరపరచుకున్న పట్టికలో ఇవి లేవు. నాలుగో శతాబ్దం చివర, బైబిలును లాటిన్‌లోకి అనువదించిన జెరోమ్ హెబ్రీ పట్టికే ప్రమాణమన్నాడు, ఉత్తర ఆఫ్రికా వేదపండితుడు అగస్టీన్ ఒప్పుకోలేదు. (అంత గట్టిగా వాదించిన జెరోమే, బిషప్పులు అడిగితే తోబీతును ఒక్క రోజులో అనువదించి ఇచ్చానని ముందుమాటలో రాసుకున్నాడు.) 393లో హిప్పోలోనూ, 397లో కార్తేజ్‌లోనూ ఉత్తర ఆఫ్రికా బిషప్పుల సభలు ఈ గ్రంథాలను పట్టికలో చేర్చాయి. కనుక 1546లో కథోలికుల ట్రెంట్ మహాసభ వీటిని కొత్తగా తెచ్చి కలిపిందనడం సరి కాదు, అప్పటికి వెయ్యేళ్లకు పైగా చదువుతున్నవాటినే అది కట్టుదిట్టం చేసింది.

ఇక తీసేసిన సంగతి. ఆ నింద ప్రొటెస్టంటు ఉద్యమానికి ఆద్యుడైన లూథర్ మీద వేస్తారు కానీ, ఆయన 1534 నాటి జర్మన్ బైబిల్లో ఈ పుస్తకాలను రెండు నిబంధనల నడుమ విడిగా అచ్చువేయించి, ఇవి లేఖనాలతో సమానం కాకపోయినా చదవదగినవి, మంచివి అని రాశాడు. 1611లో జేమ్స్ రాజు పేర వెలువడిన ఇంగ్లీషు బైబిల్లోనూ ఇవి ఉన్నాయి. అచ్చులోంచి నిజంగా తప్పించిన తేదీ ఒకటి చెప్పాలంటే నేను 1826 చెబుతాను. లండన్‌లోని బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీ కొన్నేళ్ల గొడవ తర్వాత, వీటి ముద్రణకు తమ డబ్బు ఖర్చు చేయరాదని ఆ ఏడు తీర్మానించింది. పాలమూరు, నల్లగొండ ప్రాంతాలకు బాప్టిస్టు, మెన్నొనైట్ మిషనరీలు వచ్చేనాటికి 66 పుస్తకాల బైబిలే రివాజు అయిపోయింది. మీ తాతలు తీసేసిందేమీ లేదు, వారి చేతికి వచ్చినదే అలా వచ్చింది.

మీ సంఘపెద్ద గారికి ఇంకొక మాట కూడా చెప్పండి. 1693లో మెన్నొనైట్ల నుంచే చీలిపోయిన ఆమిష్ వారు, వరుసకు మీ దాయాదులు, ఈనాటికీ అమెరికాలో పెండ్లి ప్రసంగంలో తోబియా కథ చెప్పుకుంటారు.

ప్రశ్న: యూదా పత్రికలో హనోకు ప్రవచనం ఉండగా హనోకు గ్రంథం బైబిల్లో ఎందుకు లేదు? 325లో నైసియా సభలో కాన్‌స్టంటైన్ చక్రవర్తి చాలా పుస్తకాలను దాచేయించాడని వీడియోలలో చెబుతున్నారు, నిజమేనా? (యువజన సంఘ సభ్యుడు, నాగర్‌కర్నూల్)

జవాబు: నైసియా సభ చేసిన 20 నియమాలు నేటికీ దొరుకుతున్నాయి. వాటిలో ఏ పుస్తకం ఉంచాలి, ఏది తీయాలి అన్న మాటే లేదు. వారు వాదించుకున్నది క్రీస్తు తండ్రితో సమానుడు కాడన్న ఏరియస్ బోధ గురించి, ఈస్టర్ తేదీ గురించి. మనకున్న 27 పుస్తకాలే, అంతకు తక్కువా ఎక్కువా కాకుండా, మనకు తెలిసినంతలో మొదటిసారి కనిపించేది 367లో అలెగ్జాండ్రియా బిషప్పు అతనేసియస్ రాసిన ఈస్టర్ లేఖలో. అదే లేఖలో ఆయన 'హెర్మాస్ కాపరి' అనే తొలి క్రైస్తవుల పుస్తకం వంటి కొన్నిటిని ప్రమాణం కాకపోయినా కొత్తగా విశ్వాసంలోకి వచ్చేవారు చదవవచ్చునన్నాడు. నాలుగో శతాబ్దంలో చేత్తో రాసిన గ్రీకు బైబిలైన సినాయి ప్రతిలో ప్రకటన గ్రంథం తర్వాత బర్నబా పత్రిక, హెర్మాస్ కాపరి రాసి ఉన్నాయి. అంటే పట్టిక ఒక్క రోజున, ఒక్క రాజు ఆజ్ఞతో తయారైంది కాదు. ఏ సంఘంలో ఏది చదువుతున్నారు, అది అపొస్తలుల కాలం నాటిదేనా అని చూసుకుంటూ రెండు మూడు వందల ఏండ్లలో అది నెమ్మదిగా కుదురుకుంది.

హనోకు విషయంలో మీ గమనిక సరైనదే. యూదా పత్రిక 14, 15 వచనాలలోని మాటలు హనోకు గ్రంథంలో ఉన్నాయి. అయితే ఒక పుస్తకం నుంచి మాట ఎత్తిచూపినంత మాత్రాన ఆ పుస్తకమంతా లేఖనం కాదు. పౌలు ఏథెన్సులో గ్రీకు కవి మాటను వాడుకున్నాడు, ఆ కవిత్వాన్ని ఎవరూ బైబిల్లో పెట్టలేదు. ఇక దాచడమంటారా, ఇథియోపియా ఆర్థడాక్స్ సంఘం తన 81 పుస్తకాలలో హనోకును మొదటినుంచీ చదువుతూనే ఉంది. జేమ్స్ బ్రూస్ అనే యాత్రికుడు 1773లో ప్రతులు తెచ్చేదాకా యూరప్ పండితులు దాని పూర్తి పాఠాన్ని చూడలేదు, అంతే. మృత సముద్రం దగ్గరి కుమ్రాన్ గుహలలో దాని అరామిక్ ముక్కలు బయటపడడంతో అది క్రీస్తుకు ముందటిదని రూఢి అయింది.

ప్రశ్న: బాలయేసు మట్టితో పిట్టలు చేసి ఎగురవేసినట్టు సండేస్కూల్లో మా పాపకు వీడియో చూపించారు. ఇది ఏ సువార్తలో ఉంది? (ఒక తల్లి, మిర్యాలగూడ)

జవాబు: మన నాలుగు సువార్తలలో లేదు. తోమా పేరుతో ఉన్న బాల్య సువార్తలోది. ఈజిప్టులోని నాగ్ హమ్మాదీలో 1945లో దొరికిన, 114 వచనాల తోమా సువార్త వేరు, దీనితో కలిపి చూడకండి. ఇందులో అయిదేళ్ల యేసు విశ్రాంతి దినాన వాగు ఒడ్డున మెత్తని మట్టితో పన్నెండు పిచ్చుకలు చేస్తాడు. పెద్దవారు కోప్పడితే చప్పట్లు కొట్టి వాటిని ఎగిరిపొమ్మంటాడు. మట్టి పిట్ట ప్రస్తావన ఖురాన్‌లోనూ ఉంది. అయితే అదే పుస్తకంలో ఆ వెంటనే, పరుగెత్తుతూ వచ్చి భుజానికి తగిలిన ఒక పిల్లవాడు యేసు మాటతో అక్కడికక్కడే పడి చనిపోతాడు. వీడియో చేసినవారు పిట్టలను ఉంచుకుని ఈ పిల్లవాణ్ణి వదిలేశారు. మళ్లీ చూపించే ముందు ఆ భాగం కూడా ఒకసారి చదవమని మీ సండేస్కూలు టీచరుగారికి చెప్పండి.