తేలిక ఫ్లైవీల్: పికప్ ఎంత, పేచీ ఎంత?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఇంజనుకూ క్లచ్‌కూ మధ్య తిరిగే బరువైన చక్రమే ఫ్లైవీల్. దాని బరువు తగ్గించడం గురించి ఈ మధ్య వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: నాది 1.2 లీటర్ల పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. కంపెనీ ఫ్లైవీల్ తీసి, రెండున్నర కిలోలు తేలికైనది వేస్తే బండి లాగుడు బాగా పెరుగుతుందని షాపులో చెబుతున్నారు. నిజంగా ఎంత తేడా ఉంటుంది?
– పాఠకుడు, హైదరాబాద్

జవాబు: తేడా ఉంటుంది. కానీ అది మీరు ఏ గేరులో ఉన్నారన్న దాన్ని బట్టి మారుతుంది. ఒకటో గేరులో స్పష్టంగా తెలుస్తుంది, రెండులో కొద్దిగా తెలుస్తుంది, మూడు దాటాక తెలియదనే చెప్పాలి.

ఇంజను వేగం పుంజుకునేటప్పుడు దాని బలంలో కొంత చక్రాల దాకా రాదు, ఫ్లైవీల్‌ను తిప్పడానికే సరిపోతుంది. ఆ ఖర్చు ఎంతన్నది ఫ్లైవీల్ జడత్వ భ్రామకాన్ని బట్టి ఉంటుంది. బరువును, కేంద్రం నుంచి దాని దూరం వర్గంతో గుణిస్తే ఇది వస్తుంది. అంటే 13 సెంటీమీటర్ల దూరంలో తీసేసిన ఒక కిలో, 6.5 సెంటీమీటర్ల దూరంలో తీసేసిన నాలుగు కిలోలతో సమానం. కాబట్టి షాపువాళ్లను ఎన్ని కిలోలు తగ్గిందని మాత్రమే కాదు, ఎక్కడ తగ్గిందని కూడా అడగండి. మధ్యలో బోల్టుల దగ్గర పెద్ద రంధ్రాలు చేసి బరువు తగ్గిందని చూపించే సరుకుతో లాభం చాలా తక్కువ.

మీ రెండున్నర కిలోలు సగటున 11 సెంటీమీటర్ల దూరంలో తగ్గాయనుకుందాం. 2.5ను 0.11తో రెండుసార్లు గుణిస్తే సుమారు 0.03 కిలో-చదరపు మీటర్లు. దీన్ని బండి బరువులోకి మార్చవచ్చు. గేరు నిష్పత్తిని ఫైనల్ డ్రైవ్ (గేర్‌బాక్స్ తరువాత చక్రాలను తిప్పే చివరి గేర్ల జత) నిష్పత్తితో గుణించి, వచ్చినదాన్ని వర్గం చేసి, 0.03తో గుణించి, టైరు వ్యాసార్ధం వర్గంతో భాగించాలి. టైరు వ్యాసార్ధం 0.30 మీటర్లు, మొత్తం నిష్పత్తులు వరసగా 14, 8, 5.5, 4, 3 అనుకుంటే ఒకటో గేరులో 65 కిలోలు, రెండులో 21, మూడులో 10, నాలుగులో 5, అయిదులో 3 కిలోలు తగ్గినట్టు లెక్క తేలుతుంది. మీ బండి మాన్యువల్లో ఉన్న నిష్పత్తులు వేసి మీరే చూసుకోవచ్చు.

వెయ్యి కిలోల బండిలో పక్కసీటు మనిషి దిగిపోతే ఎంత తేడా తెలుస్తుందో, ఒకటో గేరులో అంతే తేడా. టాప్ గేరులో అది మూడు లీటర్ల నీళ్ల బరువు. సున్నా నుంచి 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి పట్టే సమయంలో సెకనులో రెండు మూడు పదో వంతులు తగ్గితే అదే ఎక్కువ.

మరి వేయించుకున్నవాళ్లు బండి మారిపోయిందని ఎందుకంటారు? వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. క్లచ్ తొక్కినప్పుడు ఇంజనుకు బండి బరువుతో సంబంధం ఉండదు. అది తిప్పాల్సింది తన క్రాంక్ (పిస్టన్లు తిప్పే షాఫ్టు), ఫ్లైవీల్, క్లచ్ అసెంబ్లీ మాత్రమే, అందులో ఫ్లైవీల్‌దే పెద్ద వాటా. అందుకే రేజ్ చేయగానే ఆర్‌పీఎం సూది టక్కున లేస్తుంది, కాలు తీయగానే టక్కున పడుతుంది. ఘాట్ రోడ్డు మీద గేరు దించేటప్పుడు యాక్సిలరేటర్ కొద్దిగా తట్టి ఇంజను వేగం కలపడం తేలికవుతుంది. నడపడం ఇష్టమున్నవాళ్లకు ఇది నిజమైన సుఖం. అయితే గేరు పెంచేటప్పుడు చెయ్యి చురుగ్గా ఉండాలి. నిదానంగా మారిస్తే ఈలోగా ఇంజను వేగం మరీ కిందికి పడిపోయి, క్లచ్ వదలగానే బండి కుదుపుతుంది.

కదిలేటప్పుడు మాత్రం కొంత నష్టమే. ఫ్లైవీల్‌లో దాచుకున్న శక్తే బండిని మొదటి అడుగు వేయిస్తుంది. మొత్తం భ్రామకం 0.08 నుంచి 0.05కు తగ్గితే, 3000 ఆర్‌పీఎం దగ్గర ఆ నిల్వ సుమారు 3900 జౌళ్ల నుంచి 2500 జౌళ్లకు పడిపోతుంది. అయిదుగురు ఎక్కిన బండి ఫ్లైఓవర్ ఎత్తు మీద ట్రాఫిక్‌లో ఆగి మళ్లీ కదలాలంటే క్లచ్‌ను ఎక్కువసేపు జార్చాలి, యాక్సిలరేటర్ ఎక్కువ ఇవ్వాలి. ప్లేటు త్వరగా అరుగుతుంది. రోజూ ఆఫీసుకు తిరిగే బండికైతే ఈ డబ్బు మంచి టైర్లకూ బ్రేక్ ప్యాడ్లకూ పెట్టమనే మా సలహా. ఆటోక్రాస్ పోటీలకో రేసు ట్రాక్‌కో తీసుకెళ్లే బండికి వేయించుకోవచ్చు. ముందు మీరు పోటీ చేసే తరగతి నిబంధనలు చదవండి. కంపెనీ భాగాలే ఉండాలన్న తరగతిలో తేలిక ఫ్లైవీల్ దొరికితే ఫలితం రద్దవుతుంది.

ప్రశ్న: డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద ఎక్కిస్తే తేలిక ఫ్లైవీల్‌తో నాలుగు హార్స్‌పవర్ పెరిగినట్టు కాగితం వచ్చింది. మీరేమో పవర్ పెరగదంటారు. ఏది నమ్మాలి?
– పాఠకుడు, బెంగళూరు

జవాబు: రెండూ నిజమే. మీరు ఎక్కించింది ఇనర్షియా డైనో అయి ఉంటుంది. అది బరువైన డ్రమ్ము ఎంత త్వరగా వేగం అందుకుందో చూసి, దాన్నుంచి పవర్ లెక్కగడుతుంది. ఫ్లైవీల్ తేలికైతే డ్రమ్ము త్వరగా తిరుగుతుంది, అంకె పెరుగుతుంది. ఇంజన్‌ను ఒకే ఆర్‌పీఎం దగ్గర నిలబెట్టి బ్రేక్ వేసి కొలిచే డైనో మీద ఆ నాలుగూ కనిపించవు, ఎందుకంటే స్థిరమైన వేగంలో ఫ్లైవీల్ తీసుకునేదీ లేదు, ఇచ్చేదీ లేదు. ముందు, తరువాత పరుగులు ఒకే గేరులో తీశారా అన్నది కూడా చూడండి. కింది గేరులో తీస్తే తేడా ఇంకా ఉబ్బి కనిపిస్తుంది.

ప్రశ్న: మైలేజీ పెరుగుతుందా?
– పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: పెరిగినట్టు మీకు తెలియదు. పైన చెప్పిన 0.03 తగ్గింపుతో, ఇంజన్‌ను 3000 ఆర్‌పీఎంకు తీసుకెళ్లిన ప్రతిసారీ మిగిలేది సుమారు 1500 జౌళ్లు. లీటరు పెట్రోలులో ఇంజను పనిగా మార్చగలిగేది సుమారు 80 లక్షల జౌళ్లు. అంటే ఒక లీటరు మిగలాలంటే అయిదువేలకు పైగా సార్లు గేర్లు మార్చాలి. హైవే మీద ఒకే వేగంతో పోతుంటే అదీ ఉండదు.

ప్రశ్న: ఆటోనగర్‌లో తెలిసిన లేత్ షాపు ఉంది. కంపెనీ ఫ్లైవీల్‌నే వెనకవైపు చెక్కి రెండు కిలోలు తగ్గిస్తామంటున్నారు. కొత్తది కొనే ఖర్చులో పదో వంతు కూడా కాదు. చేయించవచ్చా?
– పాఠకుడు, విజయవాడ

జవాబు: వద్దు. ఈ ఒక్క విషయంలో మధ్యేమార్గం చెప్పలేం.

చాలా కార్లలో కంపెనీ ఫ్లైవీల్ పోత ఇనుముది. పోత ఇనుము నొక్కుడును బాగా తట్టుకుంటుంది, లాగుడును తట్టుకోలేదు. తిరిగే ఫ్లైవీల్‌లో ఉండేదంతా లాగుడే. 6500 ఆర్‌పీఎం దగ్గర 13 సెంటీమీటర్ల దూరంలోని అంచు గంటకు సుమారు 318 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. అక్కడి 100 గ్రాముల లోహాన్ని దాదాపు 600 కిలోల బలం బయటికి గుంజుతుంది. కంపెనీ ఆ మందం ఉంచింది ఈ లెక్క చూసే. పైగా క్లచ్ వేడికి రాపిడి ముఖం మీద సన్నని పగుళ్లు పడి ఉంటాయి, కంటికి ఆననివి కూడా. లేత్ టూలు వదిలిన పదునైన మూల పగులుకు మొదలవుతుంది. మందం తగ్గించి, మూల చేసి, పాత పగుళ్ల మీద మళ్లీ అదే వేగంతో తిప్పితే అది ఏదో ఒకరోజు ముక్కలవుతుంది. గేర్‌బాక్స్ ముందుండే అల్యూమినియం బెల్‌హౌసింగ్ ఆ ముక్కలను ఆపలేదు. ఇంజను అడ్డంగా ఉన్న బండ్లలో అవి బానెట్ వైపూ ఫైర్‌వాల్ వైపూ వస్తాయి. నిలువుగా ఉన్న బండ్లలో నడిపేవారి కాళ్ల వైపు వస్తాయి. బరువు తగ్గించడానికి డ్రిల్లుతో రంధ్రాలు వేయడం ఇంతకన్నా ప్రమాదం.

లేత్ షాపులో నిశ్చింతగా చేయించుకోదగ్గది రాపిడి ముఖాన్ని చదును చేయించడమే, అదీ మాన్యువల్ చెప్పిన కనీస మందం దాటకుండా. ఇక్కడ చాలామంది ఒకటి మరిచిపోతారు. కొన్ని ఫ్లైవీళ్లలో క్లచ్ ప్లేటు ఆనే ముఖానికీ ప్రెషర్ ప్లేటు (క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కు నొక్కి పట్టేది) బిగించే అంచుకూ మధ్య ఒక మెట్టు ఉంటుంది. ముఖం నుంచి 0.3 మిల్లీమీటర్లు తీస్తే అంచు నుంచీ అంతే తీయాలి. లేకపోతే ప్రెషర్ ప్లేటు పట్టు తగ్గి క్లచ్ జారుతుంది.

తేలికది కావాలంటే ఫోర్జ్ చేసిన (సాగగొట్టి తయారుచేసిన) క్రోమోలీ, అంటే క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కుది కొనండి. రేసు భాగాలకు అమెరికాలో ఇచ్చే ఎస్ఎఫ్ఐ 1.1 గుర్తు ఉన్నది మేలు. అల్యూమినియంది ఇంకా తేలిక, కానీ రాపిడికి దాని మీద ఉక్కు పలక బిగించి ఉంటుంది. ఆ పలక స్క్రూలు వదులు కాలేదని గేర్‌బాక్స్ దింపిన ప్రతిసారీ చూడాలి.

ప్రశ్న: తేలిక ఫ్లైవీల్ వేయించాను. ఏసీ వేస్తే సిగ్నల్ దగ్గర బండి వణికి ఒక్కోసారి ఆగిపోతోంది. చెక్ ఇంజన్ లైటు వచ్చింది, స్కానర్‌లో పి0300 చూపిస్తోంది. ప్లగ్గులు కొత్తవే.
– పాఠకుడు, కర్నూలు

జవాబు: నాలుగు సిలిండర్ల ఇంజనులో ఒక్కో చుట్టుకు రెండు పేలుళ్లే. ఆ రెంటి మధ్య ఖాళీలో క్రాంక్‌ను తిప్పుతూ ఉండేది ఫ్లైవీలే. అది తేలికైతే ప్రతి చుట్టులోనూ వేగం ఎక్కువగా హెచ్చుతగ్గులవుతుంది. ఏసీ కంప్రెసర్ పట్టుకున్న క్షణంలో ఐడిలింగ్ పడిపోతుంది, ఈసీయూ (ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటర్) సర్దుకునేలోపే ఇంజను ఆగుతుంది.

పి0300 అంటే ఫలానా సిలిండర్ అని చెప్పలేని మిస్‌ఫైర్, అంటే సిలిండర్‌లో పెట్రోలు సరిగా అంటుకోకపోవడం. ఈసీయూ దీన్ని క్రాంక్ సెన్సర్ చూపే వేగం హెచ్చుతగ్గులను బట్టే పట్టుకుంటుంది. కాబట్టి మిస్‌ఫైర్ లేకపోయినా ఉన్నట్టు చెప్పవచ్చు. అలాగని తేలిగ్గా తీసుకోకండి. నిజమైన మిస్‌ఫైర్‌లో కాలని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తుంది. ముందు ఇగ్నిషన్ కాయిళ్లు ఒకదాని స్థానంలో ఒకటి మార్చి చూడండి. మిస్‌ఫైర్ కాయిల్‌తో పాటు వేరే సిలిండర్‌కు మారితే దోషం కాయిల్‌దే. ఇంటేక్ దగ్గర గాలి లీకు చూడండి, థ్రాటిల్ బాడీ శుభ్రం చేయించండి, ఆ తరువాత స్కానర్‌తో ఐడిల్ రీలెర్న్ (ఐడిలింగ్ వేగాన్ని ఈసీయూకు మళ్లీ నేర్పించడం) చేయించండి. మీ ఇంజనులో క్రాంక్ సెన్సర్ పళ్లు ఫ్లైవీల్ మీదే ఉంటే, కొత్తదానిలో పళ్ల సంఖ్య, ఖాళీ ఉన్న చోటు పాతదానితో సరిపోతున్నాయా చూడండి.

ఇవన్నీ బాగుంటే ఈసీయూ ట్యూనింగ్‌లో ఐడిల్ వేగం 100 నుంచి 150 ఆర్‌పీఎం పెంచి, ఏసీ వేసినప్పటి విలువ విడిగా సరిచేయించండి. మిస్‌ఫైర్ హెచ్చరికనే ఆపేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు.

ప్రశ్న: డీజిల్ బండిలో డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ పోయింది. దాని బదులు తేలికైన సింగిల్ మాస్ వేస్తే ఖర్చూ తగ్గుతుంది, పికప్పూ పెరుగుతుందంటున్నారు.
– పాఠకుడు, నిజామాబాద్

జవాబు: డ్యూయల్ మాస్‌లో రెండు చక్రాల మధ్య పొడవాటి స్ప్రింగులు ఉంటాయి. డీజిల్ పేలుళ్ల గుద్దులను గేర్‌బాక్స్‌కు పోకుండా ఆపేది అవే. వాటిని తీసేస్తే 1500 ఆర్‌పీఎం కింద లాగించినప్పుడు గేర్లు గడగడలాడతాయి, క్రమంగా గేర్‌బాక్స్ బేరింగుల మీద పడుతుంది. తప్పనిసరిగా మార్చాల్సి వస్తే బరువు తగ్గించని సింగిల్ మాస్ కిట్టు, అందులోనూ స్ప్రింగులున్న క్లచ్ ప్లేటుతో వచ్చేది వేయండి. తేలికది మాత్రం డీజిల్‌కు వద్దు.

ప్రశ్న: బ్యాలెన్సింగ్ ఎంత వరకు ఉండాలి? గేర్‌బాక్స్ దింపినప్పుడు ఇంకేం మార్చాలి?
– పాఠకుడు, తిరుపతి

జవాబు: ఐఎస్ఓ 21940-11 ప్రమాణంలో జి6.3 గ్రేడు ప్రకారం, 6000 ఆర్‌పీఎం తిరిగే అయిదు కిలోల ఫ్లైవీల్‌లో అసమతుల్యం 50 గ్రాము-మిల్లీమీటర్లు దాటకూడదు. 125 మిల్లీమీటర్ల దూరంలో అది 0.4 గ్రాములు. ప్రెషర్ ప్లేటు బిగించి మళ్లీ చూసి, రెండింటి మీద గుర్తు పెట్టమనండి. అన్ని ఇంజన్లకూ సున్నా చేయకూడదు. ఫోర్డ్ 1.0 ఎకోబూస్ట్ లాంటి మూడు సిలిండర్ల ఇంజనులో వణుకు తగ్గించడానికి ఫ్లైవీల్‌లో కావాలనే అసమతుల్యం పెట్టారు. దాన్ని పోగొడితే వణుకు పెరుగుతుంది.

క్రాంక్ వెనక ఆయిల్ సీలు, రిలీజ్ బేరింగు, ఉంటే పైలట్ బేరింగు, ఫ్లైవీల్ బోల్టులు కొత్తవి వేయండి. ఒకసారి సాగేలా బిగించే బోల్టులైతే పాతవి మళ్లీ వాడనేకూడదు. క్రాంక్ ముఖాన్ని తుప్పూ నూనే లేకుండా తుడవండి. ఎదురెదురు బోల్టుల వరసలో, మాన్యువల్ చెప్పిన టార్కుకు రెండు మూడు విడతల్లో బిగించండి. తరువాత డయల్ గేజీ పెట్టి ముఖం ఊగుడు చూడండి. సాధారణంగా 0.1 మిల్లీమీటరు లోపల ఉండాలి. ఎక్కువుంటే చాలాసార్లు మధ్యలో ఇరుక్కున్న చెత్తే కారణం. విప్పి తుడిచి మళ్లీ బిగించండి. క్లచ్ ప్లేటును అలైన్‌మెంట్ టూలుతో మధ్యకు పెట్టకపోతే గేర్‌బాక్స్ షాఫ్టు ఎక్కదు. బలవంతంగా నెడితే ప్లేటు మధ్య భాగం వంగి, క్లచ్ పూర్తిగా విడదు.

కొత్త ప్లేటు, కొత్త ముఖం కుదురుకోవడానికి మొదటి 500 నుంచి 800 కిలోమీటర్లు ఊళ్లో మెల్లగా నడపండి. కిలోమీటర్లు హైవే మీద పూర్తిచేస్తే లాభం లేదు, క్లచ్ పనిచేస్తేనే అది కుదురుకుంటుంది.